పైన్ చెట్టు చెక్క కట్టే వరస

(గుంటూరులో వృక్షశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకులు, కొందరు రైతులు వచ్చిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా కొద్దిగా సవరించిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. మార్చి ఎండలో, భోజనాలయ్యాక, జన్యువుల మీద ప్రసంగమంటే వినేవాళ్లకూ చెప్పేవాడికీ పరీక్షే. ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. గురక మాత్రం వద్దు. (నవ్వులు)

మీ వరసల్లో రెండు చెక్క ముక్కలు, ఒక భూతద్దం తిరుగుతున్నాయి. తెల్లగా, తేలిగ్గా ఉన్నది పైన్. ఏదో యంత్రం దిగిన పెట్టె తాలూకు చెక్క అది. న్యూజిలాండ్ నుంచి రేడియాటా పైన్ దుంగలు ఓడల మీద కాండ్లా రేవుకి వస్తుంటాయి, పెట్టెలకూ ప్యాలెట్లకూ ఆ చెక్కను బాగా వాడతారు. రెండోది మనందరికీ తెలిసిన సరుగుడు. బాపట్ల, చీరాల తీరం పొడుగునా ఇసుకలో కనిపించేది.

ముందు పైన్ ముక్క అడ్డకోత చూడండి. తెల్లటి వెడల్పు పట్టీ ఒకటి, దాని పక్కన ముదురు గోధుమ రంగు సన్న పట్టీ ఒకటి, మళ్లీ తెల్లది. లోపల్నుంచి బయటికి చూసుకుంటూ పోతే తెలుపు మెల్లమెల్లగా ముదురుతుంది. ఆ ముదురు పట్టీ దాటగానే మాత్రం గీత గీసినట్టు ఒక్కసారిగా తెలుపు మొదలవుతుంది. ఇంటర్‌లో చదువుకున్నారు కదా, వసంత దారువు, శరద్ దారువు. అవే ఇవి. గోరుతో నొక్కి చూడండి. తెల్ల పట్టీలో గోరు దిగుతుంది, ముదురు దాంట్లో దిగదు. ఇప్పుడు సరుగుడు ముక్క మీద భూతద్దం పెట్టండి. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి దారునాళాలు. పైన్ ముక్కలో ఎంత వెతికినా అలాంటివి దొరకవు.

సరుగుడు ఆకులు సూదుల్లా ఉంటాయి కాబట్టి చాలామంది దాన్ని పైన్ జాతి అనుకుంటారు. కాదు. అది పూల మొక్క. మనం ఆకులనుకునేవి నిజానికి సన్నటి పచ్చ కొమ్మలు, వాటి కణుపుల దగ్గర పొలుసుల్లా ఉండేవే దాని ఆకులు. కోనిఫర్లు వేరే. పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు ఇవన్నీ వివృత బీజాలు, పువ్వు, కాయ లేని చెట్లు. మన సహజ అడవుల్లో వాటిని చూడాలంటే హిమాలయాలకో ఖాసీ కొండలకో పోవాల్సిందే. అయితే ఎప్పుడూ ఇలాగే లేదండోయ్. ఒంగోలు దగ్గర వేమవరం పలకరాళ్లలో కోనిఫర్ కొమ్మల శిలాజాలు ఉన్నాయని జియలాజికల్ సర్వే వాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే రాశారు. పది కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు అవి. మిరప ఇక్కడికి వచ్చి అయిదు వందల ఏళ్లు కూడా సరిగ్గా కాలేదు. ఆ లెక్కన చూస్తే ఈ ప్రాంతంలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మీరే చెప్పండి. (నవ్వులు)

ఇక అసలు విషయం. పైన్ చెక్కలో నూటికి తొంభై వంతులకు పైగా ఒకే రకం కణాలు ఉంటాయి. వాటిని దారుకణాలంటాం. ఒక్కొక్కటి పొడవు దాదాపు మూడు మిల్లీమీటర్లు, వెడల్పు మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు. పూల మొక్కల్లో నీళ్లు మొయ్యడానికి నాళాలు, బరువు మొయ్యడానికి నారలు అని పని పంచుకున్నారు. పైన్‌లో ఆ పంపకం లేదు. రెండు పనులూ దారుకణానివే. వంద మీటర్లు దాటే రెడ్‌వుడ్ చెట్టు నిలబడేదీ, దాని చిటారు కొమ్మకి నీళ్లెక్కేదీ ఈ ఒక్క రకం కణం మీదే. ఇంకో సంగతి, ఈ కణాలు పనిలోకి దిగేటప్పటికి చచ్చిపోయి ఉంటాయి. లోపల జీవపదార్థం మొత్తం కరిగిపోయి ఖాళీ గొట్టం మిగిలాకే నీళ్లు పారతాయి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది దీని చుట్టూనే తిరుగుతుంది. చావబోయే కణం తన గోడ తనే కట్టుకోవాలి. కట్టాక మరమ్మతు లేదు. కాబట్టి ఏ జన్యువు ఉంది, ఏది లేదు అన్నదాని కంటే ఏది ముందు, ఏది తర్వాత, ఎంతసేపు అన్నదే ఇక్కడ ముఖ్యం.

మనం కృష్ణా కాలవల కింద బతికేవాళ్లం కాబట్టి ఒక పోలిక చెప్తాను. ప్రకాశం బ్యారేజీ వెనక ఉన్న నీళ్లన్నీ ఒకటే. హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఏ షట్టరు, ఎప్పుడు, ఎంత లేపారన్న దాన్నిబట్టి ఏ కాలవ కింద నాట్లు పడతాయో తేలుతుంది. చెట్టులోనూ అంతే. వేరు కణంలో, సూదాకు కణంలో, కాండం కణంలో ఉన్న డీఎన్‌ఏ ఒకటే. ఒక్కో జన్యువు ముందు ప్రమోటర్ అనే ఒక భాగం ఉంటుంది, అది షట్టరు. దాన్ని పట్టుకుని తిప్పే ప్రోటీన్లున్నాయి, ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. వాటిని లష్కర్లనుకోండి, కాలవ మీద షట్టర్లు తిప్పేవాళ్లు. షట్టరు లేస్తే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు బయటికొస్తుంది, దాన్నిబట్టి ప్రోటీను తయారవుతుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటున్నాం. ఒక తేడా మాత్రం ఉంది. కాలవ మీద లష్కరుని ఇరిగేషన్ శాఖ వేస్తుంది. కణంలో లష్కరు కూడా ఒక జన్యువు నుంచే రావాలి, అంటే అతన్ని పనిలో పెట్టేది ఇంకో లష్కరు. ఆ పైన ఇంకొకడు. ఈ అంతస్తులు విప్పుకుంటూ పోవడమే గత పాతికేళ్లుగా ఈ రంగంలో జరుగుతున్న పని.

అంత పెద్ద చెట్టు కదా, జన్యువులు కూడా బోలెడు ఉంటాయనుకుంటారు. గుంటూరు కాబట్టి మిరపతోనే మొదలుపెడదాం. 2014లో మిరప జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం పాఠం, వెలువడింది. సుమారు 350 కోట్ల అక్షరాలు, 35 వేల దాకా జన్యువులు. మనిషికి 300 కోట్ల అక్షరాలు. వరికి 40 కోట్లే. 2013లో నార్వే స్ప్రూస్ జీనోమ్ వచ్చింది, కోనిఫర్లలో అదే మొదటిది. దాంట్లో ఎన్ననుకున్నారు? సుమారు 2,000 కోట్లు. జన్యువులు మాత్రం 28 వేల పైచిలుకు, మన మిరప కంటే తక్కువ! తర్వాతి ఏడాది లాబ్లాలీ పైన్ వచ్చింది, 2,200 కోట్లు. అందులో నూటికి 80 వంతులు దాటి ఒకే రకం ముక్కలు మళ్లీ మళ్లీ వచ్చేవే. 2022లో చైనా పైన్ ఒకటి 2,540 కోట్లతో దాన్ని కూడా మించింది. కోట్ల ఏళ్లుగా జీనోమ్‌లో తమను తాము నకలు చేసుకుంటూ పేరుకున్న ముక్కలే అవన్నీ. జన్యువుల మధ్యనే కాదు, జన్యువుల లోపల కూడా దూరాయి. అందుకే పైన్ జన్యువుల్లో ఇంట్రాన్లు, అంటే నకలు తీశాక కత్తిరించి పారేసే భాగాలు, కొన్ని పదివేల అక్షరాలు దాటి ఉంటాయి. అయినా కణం ఆ పొడుగంతా చదివి, అక్కర్లేనిది కత్తిరించి, సరైన ఆర్‌ఎన్‌ఏ తీస్తూనే ఉంది. కాబట్టి చెక్క కట్టడానికి పైన్ ప్రత్యేకంగా ఏవో వేల జన్యువులు సంపాదించుకుందనుకోకండి. ఉన్న సామాను దాదాపు అందరిదీ ఒకటే.

మరి ఈ వరస ఎలా తెలిసింది? ఇక్కడ కొంచెం నింపాదిగా చెప్తాను, నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పని ఇదే.

బెరడుకీ చెక్కకీ మధ్య కేంబియం అనే పలచటి పొర ఉంటుంది, తెలుగు పుస్తకాల్లో విభాజ్య కణావళి. అక్కడ కణం చీలుతుంది. లోపలి వైపు మిగిలింది చెక్క అవుతుంది, బయటి వైపు మిగిలింది పోషక కణజాలం. లోపలికి పడేవే ఎక్కువ. పైన్‌లో చూడముచ్చటైన సంగతి ఏమిటంటే, కేంబియం నుంచి లోపలికి గీత గీస్తే ఆ గీత మీద ఉన్న దారుకణాలన్నీ ఒకే తల్లికణం పిల్లలు, పుట్టిన క్రమంలోనే బారు తీరి ఉంటాయి. కేంబియం పక్కనున్నది ఇవాళ్టి కణం. కొంచెం లోపలిది నాలుగు రోజుల కిందటిది. ఇంకా లోపలిది నెల కిందటిది. అంటే బెరడుకి సమాంతరంగా సన్న పొరలు కోసుకుంటూ పోతే, ఒక కణం జీవితాన్ని రోజుల వారీగా కోసినట్టే.

స్వీడన్‌లో ఉమెయో అనే ఊళ్లో చేసింది అదే. పెరుగుతున్న చెట్టు మాను మీద బెరడుతో సహా ఒక చిన్న దిమ్మ ఉలితో తీస్తారు. తీసీ తియ్యగానే ద్రవ నైట్రోజన్‌లో వేస్తారు, మైనస్ 196 డిగ్రీలు. ఆలస్యమైతే ఆర్‌ఎన్‌ఏ పాడైపోతుంది, గాయానికి చెట్టు స్పందించడం కూడా మొదలెడుతుంది. గడ్డకట్టిన ఆ దిమ్మని చల్లటి గదిలో పెట్టిన యంత్రంతో మిల్లీమీటరులో నూటికి రెండు మూడు వంతుల మందంలో పొరలు పొరలుగా కోస్తారు. ప్రతి పొరనీ విడిగా ఒక గొట్టంలో దాస్తారు. కొన్ని పొరల్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఇది ఏ దశ కణమో నిర్ధారించుకుంటారు. మొదట 1996లో స్కాట్స్ పైన్ మీద ఈ పద్ధతిలో ఆక్సిన్ హార్మోను కొలిచారు. కేంబియం దగ్గర శిఖరం, రెండు వైపులా జారుడు. కణం తాను ఎక్కడున్నదీ తెలుసుకోవడానికి ఆ జారుడే ఆనవాలు కావచ్చని ప్రతిపాదించారు. రెండు దశాబ్దాల తర్వాత, 2017లో, అదే ఊరి శాస్త్రవేత్తలు నార్వే స్ప్రూస్ పొరల్లో హార్మోను బదులు వేల జన్యువుల ఆర్‌ఎన్‌ఏని ఒకేసారి చదివి, నార్‌వుడ్ అనే పేరుతో అందరికీ అందుబాటులో పెట్టారు. ఈ హాల్లో ఉన్న పీజీ విద్యార్థి ఎవరైనా సరే సాయంత్రం ఫోన్‌లో తెరిచి, తనకు కావలసిన జన్యువు ఏ పొరలో లేచి ఏ పొరలో పడుతుందో చూసుకోవచ్చు. ల్యాబ్ లేదు, ఫండ్స్ లేవు అని మనం చెప్పుకునే సాకుల్లో కనీసం ఒకటి దీంతో తగ్గింది. (నవ్వులు)

సరే, ఆ గీత వెంట లోపలికి నడుద్దాం.

కేంబియంలో కణం ఇంకా ఏమీ కాదు, చీలడమే దాని పని. అక్కడ హెచ్‌డీ-జిప్ మూడో తరగతి అనే లష్కర్లు కణాన్ని దారువు వైపు నడుపుతాయి. వాటి మీద నిఘా ఉంది. మిర్ 166 అనే చిట్టి ఆర్‌ఎన్‌ఏ వాటి సందేశాన్ని వెతికి కత్తిరిస్తుంది. షట్టరు లేచి కాలవలో పారుతున్న నీళ్లకి మధ్యలో అడ్డకట్ట వెయ్యడమన్నమాట. ఈ ఏర్పాటు నాచు మొక్కల (మాస్‌ల) నుంచి పూల మొక్కల దాకా ఉంది, కోనిఫర్లలోనూ ఉంది. తర్వాత కణం ఉబ్బుతుంది. గోడని సడలించే ఎక్స్‌పాన్సిన్ల వంటి జన్యువులు ఆ దశలో జోరుగా ఉంటాయి. ఉబ్బటం ఆగాక ఇక సైజు మారదు.

అప్పుడు మొదలవుతుంది అసలు కట్టుబడి. ద్వితీయ కణకవచం, అంటే మొదటి గోడకి లోపలి వైపు కట్టే రెండో గోడ. సెల్యులోజ్ అల్లే ఎంజైములకి ప్రాథమిక గోడ కోసం ఒక జట్టు, ద్వితీయ గోడ కోసం వేరే జట్టు జన్యువులు ఉంటాయి. మొదటి జట్టు దిగుతుంది, రెండోది ఎక్కుతుంది. సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, ఆపైన గోడని గట్టిపరిచే లిగ్నిన్. ఇవన్నీ కలిపి ఒకేసారి లేపే పెద్ద లష్కరు ఎవరన్నది 2005లో జపాన్ వాళ్లు అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పట్టుకున్నారు. నాక్ కుటుంబానికి చెందిన వీఎన్‌డీ 6, వీఎన్‌డీ 7. మామూలు ఆకు కణంలో వీటిని బలవంతంగా లేపితే అది కూడా నీటిగొట్టంగా మారిపోతుంది. వీటి కింద మిబ్ కుటుంబం, మిబ్‌ల కింద ఎంజైముల జన్యువులు. పూల మొక్కల్లో నాళాలకు కొన్ని నాక్‌లు, నారలకు వేరే నాక్‌లు. పైన్‌లో పని పంపకమే లేదన్నాను కదా, అందుకు తగ్గట్టే ఈ నాక్‌ల విభజన కూడా అంత స్పష్టంగా ఉండదు.

2014లో ఇంకో విశేషం బయటపడింది. చెక్కే లేని, లిగ్నిన్ కూడా లేని నాచు మొక్కలోనూ ఇదే నాక్ కుటుంబం ఉంది. అక్కడ కూడా నీళ్లు మోసే కణాలను, చచ్చి ఖాళీ అయ్యే కణాలను తయారు చేసేది అదే. అంటే చెట్టు పుట్టకముందే చెక్క కట్టే అధికారి ఉన్నాడు. తర్వాత వచ్చిన మొక్కలు ఆ అధికారి చేతికి కొత్త కాలవలు అప్పగించుకుంటూ వచ్చాయి.

పైన్‌లోకి వద్దాం. లాబ్లాలీ పైన్ దారువు నుంచి మిబ్ 4 అనే జన్యువును తీసి 2003లో పొగాకు మొక్కలో పెట్టి చూశారు. లిగ్నిన్ ఉండకూడని కణాల్లో కూడా లిగ్నిన్ పేరుకుంది. ఆ ప్రోటీను పట్టుకునేది ఏసీ మూలకాలనే చిన్న డీఎన్‌ఏ గుర్తుల్ని. లిగ్నిన్ తయారుచేసే ఎంజైముల జన్యువుల ముందు ఈ గుర్తులున్నాయి. ఒక్క లష్కరుతో ఒకే కాలవ మీదున్న షట్టర్లన్నీ లేచేది అందుకే. కోటి ఏళ్లు కాదు, ముప్పై కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన రెండు వంశాలు, పైన్, పొగాకు. అయినా పైన్ తాళంచెవి పొగాకు తాళంలో తిరిగింది.

ఇక్కడ రైతులున్నారు కాబట్టి నత్రజని సంగతి చెప్పి తీరాలి. లిగ్నిన్‌కి ముడిసరుకు ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం. దాని నుంచి లిగ్నిన్ దారిలోకి వెళ్లే మొదటి అడుగులోనే అమ్మోనియా విడిపోతుంది. టన్నుల కొద్దీ లిగ్నిన్ కట్టే చెట్టు ఆ నత్రజనిని వదిలేసుకుంటే ఏమైనా ఉందా? అడవిలో దానికి యూరియా బస్తా ఎవరు వేస్తారు? స్పెయిన్‌లో మాలగా శాస్త్రవేత్తలు సముద్రతీర పైన్‌లో 2013లో చూపించింది ఇదే. మిబ్ 8 అనే ఒకే లష్కరు ఫినైల్ అలనిన్ తయారుచేసే జన్యువుని కూడా లేపుతుంది, విడిపోయిన నత్రజనిని తిరిగి పట్టుకునే జన్యువుని కూడా లేపుతుంది. ఖర్చు, వసూలు ఒకే చేతిలో. నాకు ఈ పని చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. చెక్క అంటే గోడ కట్టడమే అనుకుని నత్రజని వైపు చూడనివాళ్లు చాలామంది ఉన్నారు మా రంగంలో.

ఇక చావు. అరబిడాప్సిస్‌లో గోడ కట్టమని చెప్పే వీఎన్‌డీ 7నే, కణాన్ని లోపల్నుంచి జీర్ణం చేసే ప్రోటియేజ్ జన్యువుని కూడా నేరుగా లేపుతుంది. పని మొదలుపెట్టిన చేతే ముగింపు ఆర్డరు మీద కూడా సంతకం పెట్టేస్తుంది. అయితే ఆ ప్రోటియేజ్ కణం లోపలి ఒక సంచిలో బందీగా ఉంటుంది. గోడ పూర్తయ్యాక సంచి పగులుతుంది, కణం ఖాళీ. మరి చచ్చేలోపు లిగ్నిన్ మొత్తం పూర్తవుతుందా? పూర్తవకపోయినా పక్కవాళ్లున్నారు. దారుకణాల మధ్యలో అడ్డంగా పోయే దవ్వరేఖల కణాలు చాలాకాలం బతికే ఉంటాయి. నార్వే స్ప్రూస్‌లో ఆ కణాలు కూడా లిగ్నిన్ ముడిసరుకు తయారుచేసే జన్యువులు నడుపుతూ, పక్కనున్న దారుకణాల గోడలు గట్టిపడడానికి సాయం చేస్తాయని 2019లో తేలింది.

ఇప్పుడు వరసలో ఒక షట్టరు చెడితే ఏమవుతుందో చూద్దాం. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1997లో ఒక లాబ్లాలీ పైన్ గురించి రాశారు. బాగా పెరుగుతోందని సంకరణ కార్యక్రమంలోకి ఎంచుకున్న చెట్టు అది, చూడటానికి ఏ లోపమూ లేదు. దాని పుప్పొడితో దాన్నే ఫలదీకరించి పిల్ల మొక్కలు తీస్తే కొన్నింటి చెక్క తెల్లగా లేదు, గోధుమ ఎరుపు! లిగ్నిన్ దారిలో చివరి మెట్టు ఎంజైము ఉంది, క్యాడ్ అంటారు. దాని జన్యువు చెడిన నకలు ఒకటి తల్లి చెట్టులో దాగి ఉంది. రెండు నకళ్లూ చెడినవే వచ్చిన పిల్లల్లో ఆ ఎంజైము దాదాపు లేనట్టే, ఆర్‌ఎన్‌ఏ కూడా బాగా పడిపోయింది. మామూలుగా అయితే ఏమనుకుంటాం? లిగ్నిన్ లేదు, చెట్టు కూలిపోతుందని. కూలలేదు. వాడకుండా మిగిలిన ముడిసరుకునీ, మామూలుగా లిగ్నిన్‌లో అతి తక్కువగా ఉండే ఇంకో పదార్థాన్నీ కలిపి ఏదో ఒక లిగ్నిన్ కట్టుకుంది. రంగు మారింది అందుకే. జన్యువులో చెడింది రెండే రెండు అక్షరాలు అదనంగా చొరబడటం అని తర్వాత తేలింది.

ఇది చూసి, లిగ్నిన్ జన్యువులు తగ్గిస్తే కాగితానికి సులువు కదా అని ఉత్సాహపడ్డవాళ్లున్నారు. న్యూజిలాండ్‌లో రేడియాటా పైన్‌లో ఫోర్ సీఎల్ అనే ఎంజైము జన్యువుని అణచి చూశారు, 2009లో ప్రచురించారు. లిగ్నిన్ తగ్గింది, నిజమే. చెట్లు మాత్రం కుండీలో పెట్టుకునే బొన్సాయ్ మొక్కల్లా కురచగా, పొదల్లా మిగిలాయి. చివరి మెట్టు దగ్గర చెడితే చెట్టు సర్దుకుంది, ఎగువ మెట్టు దగ్గర నొక్కితే సర్దుకోలేదు. అందుకే "ఫలానా జన్యువు తీసేస్తే చాలు" అని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా, ఆ జన్యువు వరసలో ఎక్కడుందని ముందు అడుగుతాను నేను. అది రాయరు.

ఋతువుల దగ్గరికి వద్దాం, చేతిలో ఉన్న ముక్కలో రెండు పట్టీల రహస్యం అక్కడే ఉంది. చల్లటి దేశాల్లో సగటు రోజు ఉష్ణోగ్రత 8, 9 డిగ్రీలు దాటితే గానీ చెక్క కట్టడం సాగదు. వసంతంలో కణాలు చాలా సేపు ఉబ్బి, పలచటి గోడ కట్టుకుని త్వరగా చచ్చిపోతాయి. అదే తెల్ల పట్టీ. వేసవి ముదిరేకొద్దీ కణం తక్కువ ఉబ్బుతుంది, గోడ కట్టడం మాత్రం వారాల తరబడి సాగుతుంది. అదే ముదురు పట్టీ. అంటే ప్రతి దశలో ఎన్ని రోజులుందన్న దాన్నిబట్టే గోరు దిగే చెక్క, దిగని చెక్క తయారవుతున్నాయి. లోపల కణాల రకం మారలేదు, జన్యువుల జాబితా పెద్దగా మారలేదు. షట్టరు ఎన్నాళ్లు లేచి ఉందన్నదే మారింది. 2015లో ఉత్తరార్ధగోళపు కోనిఫర్ అడవుల లెక్కలన్నీ పోగేసి ఒక మాట చెప్పారు. మాను లావెక్కడం ఒకప్పుడు, చెక్క బరువెక్కడం ఇంకొకప్పుడు. రెండింటికీ మధ్య నెల రోజులకు పైగా ఎడం. టేపు పెట్టి చుట్టుకొలత చూసి ఈ నెల ఇంత కార్బన్ పట్టుకుందని లెక్కలు రాసేవాళ్లకి అది చేదు వార్తే.

వాలిన చెట్టు గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. తుపాను తర్వాత మన తీరంలో ఒరిగిన సరుగుడు మళ్లీ లేవడానికి ప్రయత్నించడం చూసే ఉంటారు. పూల చెట్లు ఒరిగిన వైపుకి ఎదురుగా, పై భాగంలో లాగే రకం చెక్క కట్టుకుంటాయి. పైన్ దానికి తలకిందులు. కింది భాగంలో నెట్టే రకం కడుతుంది. దారుకణాలు గుండ్రంగా, ఎర్రగా, లిగ్నిన్ ఎక్కువగా, సెల్యులోజ్ తక్కువగా ఉంటాయి. 1998లో లాబ్లాలీ పైన్‌లో ఆర్‌ఎన్‌ఏ నకళ్లను వెయ్యికి పైగా చదివిన తొలి ప్రయత్నం ఈ చెక్క మీదే జరిగింది. కింది వైపు లిగ్నిన్ ఎంజైముల జన్యువులు, లిగ్నిన్‌ని గోడలో అతికించే లాకేజ్ జన్యువులు జోరుగా ఉంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కింది వైపు ఆక్సిన్ చేరడమే కారణమని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. 2004లో ఉమెయో వాళ్లు పొరలు పొరలుగా నిజంగా కొలిచి చూస్తే ఆక్సిన్ పెద్దగా మారకుండానే ఆ చెక్క ఏర్పడింది. పుస్తకాలు ఇంకా మార్చలేదనుకోండి. అడితిలో ఇలాంటి పైన్ పలక దొరికితే కొనకండి. ఎండితే పొడవు వెంట కుంచించుకుపోతుంది, మీ బల్ల వంకరపోతుంది. ధన్యవాదాలు. (చప్పట్లు)

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని): సార్, సరుగుడులో కూడా ఈ వరసే ఉంటుందా? దాని మీద ఎవరైనా పని చేశారా?

చేశారమ్మా. 2019లో సరుగుడు జీనోమ్ వచ్చింది. 30 కోట్ల అక్షరాలు, వరి కంటే చిన్నది. ఆ పరిశోధనలో ముఖ్యంగా చూసింది కూడా మాను లావెక్కే జన్యువుల్నే. నాక్, మిబ్ అంతస్తులు అక్కడా ఉన్నాయి. కానీ దానికి నాళాలు వేరు, నారలు వేరు, లిగ్నిన్‌లో ఎస్ రకం భాగాలు కూడా ఉంటాయి. పైన్‌లో దాదాపు జీ రకమే. ఎస్ తయారుచెయ్యడానికి కావలసిన ఎఫ్5హెచ్ అనే ఎంజైము కోనిఫర్లకి లేదు. 2015లో ఆ జన్యువునీ, దాని తోడు జన్యువునీ రేడియాటా పైన్ కణాల్లో పెడితే, అవి ఎస్ రకం లిగ్నిన్ కట్టాయి. పళ్లెంలో పెంచిన కణాల్లోనే సుమా, పూర్తి చెట్టులో కాదు. మీకు ఆసక్తి ఉంటే ఒక పని చెయ్యొచ్చు. నార్‌వుడ్‌లో ఒక జన్యువు తీసుకుని, ఆస్పెన్ చెట్టు మీద అదే ఊరివాళ్లు చేసిన ఆస్ప్‌వుడ్‌లో దాని జోడీని వెతికి రెండూ పక్కపక్కన పెట్టండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సరిపోతుంది.

ప్రశ్న (ఒక రైతు): అయ్యా, మేం సుబాబుల్, జామాయిల్ వేస్తున్నాం, మిల్లుకి తోలుతున్నాం. లిగ్నిన్ తక్కువ ఉన్న మొక్క ఇస్తే మాకేమైనా రేటు పెరుగుద్దా?

రేటు సంగతి నా చేతిలో లేదండీ, మిల్లువాళ్లది వేరే జన్యుశాస్త్రం. (నవ్వులు) చెట్టు వరకు చెప్తాను. లిగ్నిన్ తక్కువైతే మిల్లుకి మందులు, ఆవిరి ఆదా అవుతాయి. లాభం ముందు వాళ్లది. మీకు కావలసింది గాలికి విరగని, ఎకరానికి ఎక్కువ టన్నులొచ్చే మొక్క. ఆ రెండూ ఒకే మొక్కలో కుదురుతాయా అన్నది పొలంలో ఏళ్ల తరబడి పెంచి చూస్తే గానీ తేలదు. ఎవరైనా కొత్త రకం అని మొక్కలమ్మితే, లిగ్నిన్ ఎంత అని కాదు, మీలాంటి నేలలో కోతకొచ్చిన తోట ఎక్కడుందో చూపించమనండి.

ప్రశ్న (అధ్యాపకుడు): మన ఎండలకి పైన్ బతికితే, వలయాలు ఏర్పడతాయా మాస్టారూ? ఇక్కడ చలికాలమే లేదు కదా.

మంచి ప్రశ్న. కరీబియన్ దీవుల పైన్ వేడి మైదానాల్లోనే పెరుగుతుంది, కాబట్టి పైన్ అంటే మంచే ఉండాలని లేదు. కాకపోతే అక్కడ కేంబియం పూర్తిగా నిద్రపోదు. చలికి బదులు నీటి ఎద్దడి దాన్ని నెమ్మది చేస్తుంది. వానలు ఆగి మళ్లీ పడితే కణాలు ముదిరి, మళ్లీ లేతవి మొదలవుతాయి. అప్పుడు ఒకే ఏడాదిలో రెండు పట్టీలు పడొచ్చు, ఒక ఏడాది అసలు స్పష్టమైన పట్టీ లేకుండానూ పోవచ్చు. అలాంటి మానుకి వలయాలు లెక్కపెట్టి వయసు చెప్తే తప్పొస్తుంది. నాటిన తేదీ ఎక్కడన్నా రాసిపెట్టి ఉంటే దాన్నే నమ్మండి.